మోకాలి యాప్‌కు చందా కట్టాలా? కబడ్డీ ఆడే అమ్మాయి తల్లికి ఒక ఫిజియో జవాబు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడుతుంది, రైడర్. ఈ మధ్య వాళ్ల జట్టులో ఒక అమ్మాయికి మోకాల్లో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ తెగి ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. మా తమ్ముడు ఒక యాప్ చూపించాడు. ఇంట్లో రోజూ పది నిమిషాలు అందులో చూపించినట్టు చేస్తే మోకాలి గాయాలు రావట. ఫోను కెమెరాతో చూసి గాయం ముప్పు ఎంత శాతమో కూడా చెబుతుంది. మా అమ్మాయికి 68 శాతం అని వచ్చింది. ఏడాది చందా కట్టమంటారా? ఆరు నెలల క్రితం తనకు కుడి చీలమండ బెణికింది కూడా.

జవాబు:

అమ్మా, ముందు ఆ 68 శాతం సంగతి తేల్చేద్దాం. మీ నిద్ర చెడగొడుతున్నది అదేనని నాకు అనిపిస్తోంది. దాన్ని పక్కన పడేయండి. నార్వేలో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే అగ్రశ్రేణి మహిళలను ఏడు వందల మందికి పైగా ప్రయోగశాలకు పిలిచి, పెట్టె మీది నుంచి దూకించి, చుట్టూ కెమెరాలూ కాళ్ల కింద బలాన్ని కొలిచే పలకలూ పెట్టి కొలిచారు. ఆ తర్వాత ఎవరికి ఏసీఎల్ తెగుతుందో ఏళ్ల తరబడి గమనించారు. తెగినవాళ్ల కొలతలూ తెగనివాళ్ల కొలతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ పరీక్ష చూసి ఫలానా అమ్మాయికి గాయమవుతుందని చెప్పడం కుదరలేదు. అంత సరంజామాతో కానిది గోడకు ఆనించిన ఒక్క ఫోనుతో అవుతుందా? పైగా మోకాలు దెబ్బతినేటప్పుడు లోపలికి వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఎదురుగా ఉన్న ఒకే కెమెరాకు ఆ మెలి సరిగా కనిపించదు. ఆ అంకె చిలక జోస్యం లాంటిది. భయపెట్టి చందా కట్టించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక ఆ యాప్‌లో చూపించే వ్యాయామాలు పనిచేస్తాయా అంటే, పనిచేస్తాయి. పాతికేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం బడి, కాలేజీ జట్లతోనే గడిచింది. క్రీడా గాయాల విషయంలో ఇంత గట్టి ఆధారమున్న మందు నాకు ఇంకొకటి తెలియదు. అయితే ఆ మందును ఎక్కడ, ఎవరి ముందు, ఎన్నాళ్లు వేసుకుంటారన్న దాని మీదే గుణం ఆధారపడి ఉంటుంది. మీ తమ్ముడు చూపించిన యాప్ తడబడేది అక్కడే.

అసలు ఏసీఎల్ ఎలా తెగుతుందో చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ మధ్య, కీలు నడిబొడ్డున ఏటవాలుగా కట్టిన చిన్న మోకు లాంటిది అది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. చాలామంది అనుకున్నట్టు ఎవరో వచ్చి గుద్దుకుంటేనే అది తెగదు. ఎక్కువ సందర్భాల్లో పిల్ల తానే పరుగెత్తుతూ చటుక్కున దిశ మార్చుకున్నప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో తెగుతుంది. మహిళల హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ పోటీల్లో నిజంగా గాయమైన క్షణాల వీడియోలను పరిశోధకులు అంగుళం అంగుళం విశ్లేషించారు. పాదం నేలను తాకిన తర్వాత సుమారు 40 మిల్లీసెకన్లలోనే అంతా జరిగిపోతోందని తేలింది. రెప్ప వేయడానికే వంద మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంటే కాలు కిందపెట్టాక "అయ్యో, మోకాలు లోపలికి పోతోంది" అని మెదడుకు తెలిసి, కండరానికి కబురు పంపి, అది బిగుసుకునే వ్యవధే లేదు. పాదం నేల తాకకముందే కండరాలు సిద్ధంగా ఉండాలి. అది ఆలోచించి చేసే పని కాదు, సైకిల్ తొక్కడంలా ఒంటికి పట్టాల్సిన అలవాటు. న్యూరోమస్క్యులర్ శిక్షణ అనే పెద్ద పేరు వెనక ఉన్నది ఇంతే. నాడులకూ కండరాలకూ పొత్తు కుదర్చడం.

మీ అమ్మాయి వయసులో ఈ పొత్తు కొంత చెదురుతుంది. అమ్మాయిలు అందరికన్నా వేగంగా పొడుగయ్యేది 12 ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు 14 ప్రాంతంలో. ఎముకలు ముందు సాగుతాయి, వాటిని అదుపు చేసే బలం వెనకబడుతుంది. అబ్బాయిలకు ఆ వెంటనే కండ పడుతుంది, అమ్మాయిలకు అంతగా పడదు. దిగేటప్పుడు అమ్మాయిలు మోకాళ్లు ఎక్కువ వంచకుండా తొడ ముందు కండరం మీద భారం వేస్తుంటారు. ఆ కండరం కింది ఎముకను ముందుకు లాగుతుంది, అంటే మోకు మీద ఇంకా లాగుడు పడుతుంది. తొడ వెనక కండరాలు వెనక్కి లాగి మోకుకు సాయం చేస్తాయి, కానీ అవి బలహీనంగా ఉంటాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆధారాలు. కబడ్డీకి దగ్గరగా ఉన్నది హ్యాండ్‌బాల్. అందులోనూ పరుగు, ఆగడం, తిరగడం, ఒంటికాలి మీద దిగడం ఉంటాయి. నార్వేలో 120 క్లబ్బుల్లో 15 నుంచి 17 ఏళ్ల పిల్లలు 1,837 మందితో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇలాంటి వార్మప్ చేసిన జట్లలో మోకాలి, చీలమండ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. స్వీడన్‌లో 2009 సీజన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 4,564 మందిని తీసుకున్నారు. సగం క్లబ్బులు వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున వ్యాయామాలు చేశాయి, సగం క్లబ్బులు చేయలేదు. చేసిన వైపు 7 ఏసీఎల్ గాయాలు, చేయని వైపు 14. ఆడిన గంటలు కూడా లెక్కలోకి తీసుకుంటే 64 శాతం తక్కువ. ఈ లెక్కలో మీకు ఊరటనిచ్చే సంగతి ఇంకొకటి ఉంది. నాలుగున్నర వేల మందిలో ఆ సీజన్ మొత్తం మీద తెగినవి 21. మీ అమ్మాయి స్నేహితురాలికి జరిగింది కాబట్టి అది ఇంటి గుమ్మంలో ఉన్నట్టు అనిపిస్తోంది గానీ, నిజానికి అది అరుదైన గాయం. అయినా ఇంత శ్రద్ధ ఎందుకంటే, వచ్చిందంటే ఆటలో ఒక ఏడాది తినేస్తుంది.

ఈ అధ్యయనాల్లో వ్యాయామాలు ఎలా చేశారో గమనించండి. జట్టు మొత్తం, మైదానంలో, కోచ్ కళ్ల ముందు, ఆటకు ముందు వార్మప్‌గా చేసింది. ఎవరూ పడకగదిలో ఫోను ముందు ఒంటరిగా చేయలేదు. "రోజూ పది నిమిషాలు ఇంట్లో చేస్తే గాయాలు రావు" అనే యాప్, మైదానంలో వచ్చిన ఫలితాన్ని తన ఖాతాలో వేసుకుంటోంది. ఫిఫా 2006లో తెచ్చిన 11 ప్లస్ అనే వార్మప్‌ను నార్వే అమ్మాయిల మీద పరీక్షించినప్పుడు తీవ్రమైన గాయాలు దాదాపు సగమయ్యాయి. ఆ జట్లలోనే మళ్లీ, ఎక్కువసార్లు చేసినవాళ్లకు ఓ మోస్తరుగా చేసినవాళ్లకన్నా గాయాలు మరో 35 శాతం తక్కువ. చేయడంలోనే ఉంది కిటుకంతా.

చేయడం గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక అకాడమీ పిల్లలకు ఒక యాప్ పెట్టించాను, నాకే ముచ్చటేసి. ఎవరెవరు చేశారో నా ఫోనులో పచ్చ టిక్కులు కనిపించేవి. ఒక కుర్రాడికి నెలంతా పచ్చ టిక్కులే. ఎంత బుద్ధిమంతుడో అని అందరి ముందూ మెచ్చుకున్నాను. తర్వాత వాళ్లమ్మ చెప్పింది: రోజూ పొద్దున కిటికీ గట్టు మీద ఫోను పెట్టి, వీడియో నడిపించి, దాని ముందు కూర్చొని ఇడ్లీ తింటాడట. వీడియో పూర్తయితే టిక్కు పడుతుంది మరి. ఆ రోజు నుంచి ఏ యాప్ చూపించిన హాజరు పట్టీనీ నేను నమ్మలేదు. పిల్లవాణ్ణి తప్పుపట్టను. పద్నాలుగేళ్లకు రాబోయే గాయం ఒక లెక్కా? ఎదురుగా ఉన్న ఇడ్లీ నిజం.

యాప్‌లన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. వ్యాయామం ఎలా ఉండాలో కాగితం మీది బొమ్మకన్నా కదిలే వీడియో బాగా చూపిస్తుంది. కోచ్‌కు ఫిజియో అందుబాటులో లేని చోట అదే గురువు. కాకపోతే దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, ఓస్లోలోని క్రీడా గాయాల పరిశోధన కేంద్రం కలిసి 2014లో నాన్జింగ్ యువ ఒలింపిక్స్ సమయంలో గెట్ సెట్ అనే యాప్‌ను ఉచితంగా విడుదల చేశాయి. అందులో ఆటను బట్టీ, శరీర భాగాన్ని బట్టీ వ్యాయామాలు వెతుక్కోవచ్చు. ఫిఫా 11 ప్లస్ వీడియోలూ ఇంటర్నెట్‌లో ఉచితమే. ఇలాంటి వాటిని వంటల పుస్తకంలా వాడుకోవాలి. పుస్తకం కొన్నంత మాత్రాన అన్నం ఉడకదు.

ఇంటి దగ్గర యాప్ చూసుకుంటూ చేయడం నిజంగా అక్కరకొచ్చే సందర్భం మీ ప్రశ్నలోనే ఉంది. అది బెణికిన చీలమండ. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణకడానికి సిద్ధంగా ఉంటుంది. నొప్పి పోతుంది గానీ, పాదం ఎటు వాలుతోందో మెదడుకు చెప్పే జ్ఞానం వెంటనే తిరిగి రాదు. నెదర్లాండ్స్‌లో దీనికోసం ఎనిమిది వారాల సమతౌల్య వ్యాయామాలు తయారుచేశారు. ఇంట్లో చేసుకునేవే. ఆ వ్యాయామాలనే కొందరు పెద్దవాళ్లకు యాప్‌లో, మరికొందరికి చిన్న పుస్తకంలో ఇచ్చి పోల్చి చూశారు. ఎంతమేరకు చేశారన్నది రెండు వైపులా ఇంచుమించు ఒకటే. యాప్ ఉన్నందువల్ల ఎవరూ ఎక్కువ చేయలేదు, పుస్తకమైనందువల్ల ఎవరూ తక్కువ చేయలేదు. కాబట్టి మీ అమ్మాయిని పళ్లు తోముకునేటప్పుడు చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద నిలబడమనండి. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి, ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద. కళ్లు మూసినప్పుడు పక్కన గోడ ఉండాలి. రెండు కాళ్లకూ చేయించండి. కుడివైపు తేడా మొదటి రోజే మీ కంటికి కనిపిస్తుంది. ఇప్పటికీ వాపు వస్తున్నా, మెట్లు దిగుతుంటే చీలమండ పట్టు తప్పుతున్నట్టు ఉన్నా ముందు ఎముకల డాక్టరుకు గానీ ఫిజియోకు గానీ చూపించండి, వ్యాయామాలు ఆ తర్వాత.

మా చిన్నప్పుడు ఈ ఒంటికాలి చదువు వీధిలోనే అయిపోయేది. తొక్కుడు బిళ్ళ ఆడిన అమ్మాయిలకు గెంతి, ఒంటికాలి మీద ఆగి, వంగి, మళ్లీ గెంతడం కొత్తగా నేర్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఇది పరిశోధన కాదు, నా నమ్మకం. ఎవరైనా వాదనకొస్తే ఓడిపోతాను. అయినా మా జట్లలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు వార్మప్‌లో తొక్కుడు బిళ్ళ గీసి ఆడిస్తున్నాను. వ్యాయామమని చెబితే చేయనివాళ్లు ఆటంటే అరగంట ఆడతారు.

మైదానంలో చేయాల్సింది ఏమిటంటే, మొదట ఏడెనిమిది నిమిషాలు రకరకాల పరుగు. ముందుకు, పక్కకు, వెనక్కి, జంటగా భుజాలు తాకించుకుంటూ. తర్వాత బలానికీ నిలకడకూ పది నిమిషాలు. మోచేతుల మీద బోర్లా ఒళ్లు నిలబెట్టే ప్లాంక్ 20 నుంచి 30 సెకన్లు మూడుసార్లు, అదే పక్కకు తిరిగి. ఒంటికాలి మీద 30 సెకన్లు రెండుసార్లు, జతకత్తె భుజం మీద మెల్లగా నెడుతుంటే పడిపోకుండా. తొడ వెనక కండరాలకు నార్డిక్ అనే వ్యాయామం ఉంది. మోకాళ్ల మీద నిలబడితే జతకత్తె మడమలు అదిమి పట్టుకుంటుంది, ఒళ్లు కట్టెలా నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాలి. మొదట్లో మూడు నుంచి ఐదు సార్లు చాలు. ఉత్సాహం కొద్దీ ఇరవై చేయిస్తే మర్నాడు పిల్లలు మెట్లు ఎక్కలేరు, ఆ మర్నాడు వార్మప్‌కే రారు. ఆ తప్పు నేను చేశాను. తర్వాత గుంజీలు, కానీ బడిలో శిక్షగా తీయించేలా కాదు. మోకాలు పాదం వేళ్ల దిశలోనే వంగాలి, బొటనవేలు దాటి లోపలికి వాలకూడదు. ఆపైన ఎగిరి దిగడం. చివర రెండు నిమిషాలు వేగంగా పరుగెత్తి, కాలు ఊని, దిశ మార్చడం. రైడర్లకు అసలు పని అదే.

దిగడం నేర్పేటప్పుడు "మోకాలు లోపలికి పోనివ్వకు, తుంటి వంచు, నడుము నిటారుగా పెట్టు" అని మూడు ఆజ్ఞలు ఒకేసారి ఇస్తే పిల్ల కొయ్యబారిపోతుంది. నేను ఒక్క మాటే చెబుతాను: చప్పుడు కాకుండా దిగు, పిల్లి దూకినట్టు. చప్పుడు తగ్గాలంటే మోకాళ్లు, తుంటి వాటంతట అవే వంగక తప్పదు. కళ్లు మూసుకొని నిలబడినా ఎవరు సరిగా దిగారో, ఎవరు ధబ్బున దిగారో నాకు వినిపిస్తుంది. మీ అమ్మాయి కోచ్‌కూ వినిపిస్తుంది. ఏ కెమెరా అక్కర్లేదు.

అసలు గట్టి పని కోచ్‌ను ఒప్పించడం. "ఇప్పటికే టైమ్ చాలడం లేదు" అని ఆయన అంటారు, అది నిజం కూడా. కాబట్టి అదనంగా ఇరవై నిమిషాలు అడగవద్దు. మన మైదానాల్లో మొదటి ఇరవై నిమిషాలు ఎలా గడుస్తాయో మీకు తెలిసిందే. నాలుగు రౌండ్లు నెమ్మదిగా పరుగు, తర్వాత గుండ్రంగా నిలబడి కాళ్లు చాచడం, కబుర్లు. ఆ ఇరవై నిమిషాల స్థానంలో ఇది, వారానికి కనీసం రెండుసార్లు, సీజన్ పొడుగునా. రెండు నెలలు చేసి పోటీలు రాగానే ఆపేస్తే ఒంటికి పట్టింది వదిలిపోతుంది. గాయాల గురించి చెబితే కొందరు కోచ్‌లు నొచ్చుకుంటారు, తమ శిక్షణను తప్పుపట్టినట్టుగా. రైడర్లు కాలు ఊని తిరగడం బాగుపడుతుందని చెప్పండి. అది అబద్ధం కాదు. ఒక్కరే వెళ్లకుండా మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్లండి. ఆ గాయమైన అమ్మాయి తల్లి వస్తే ఇంకా మంచిది.

ఆమెకు నా తరఫున ఒక మాట చేరవేయండి. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలలోపు ఎట్టి పరిస్థితుల్లోనూ పోటీలోకి దించవద్దు. స్వీడన్‌లో 15 నుంచి 30 ఏళ్లవాళ్లను గమనిస్తే, తొమ్మిది నెలలకు ముందే మోకాలికి భారమైన ఆటలోకి తిరిగి వచ్చినవాళ్లకు మళ్లీ ఏసీఎల్ తెగడం సుమారు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆరు నెలలకు నొప్పి ఉండదు, నడక మామూలుగా ఉంటుంది, జిల్లా పోటీలు దగ్గరపడతాయి. పిల్లలు దెబ్బతినేది అప్పుడే.

కబడ్డీ విషయంలో దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. రైడర్ బోనస్ గీత దగ్గర కాలు చాచి వెనక్కి తిరిగేటప్పుడు జరిగే గాయాలకు ఈ శిక్షణ పనికొస్తుంది. చీలమండ పట్టుకొని ఒకరు లాగుతుంటే పక్కనుంచి ఇద్దరు మీద పడినప్పుడు ఏ వార్మప్పూ ఆ బరువును ఆపలేదు. దానికి పట్టు వదిలించుకోవడం, పడటం నేర్పాలి, రిఫరీ సరిగా ఈల వేయాలి. ఇంకొకటి, మన పిల్లలు చాలామంది ఏడాదంతా మట్టిలో సాధన చేసి పోటీ రోజున మ్యాట్ మీద, బూట్లతో ఆడతారు. మట్టిలో పాదం కొంచెం జారి మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద పాదం అంటుకుపోతుంది, ఒళ్లు తిరుగుతుంది. పోటీకి ముందు కొన్ని రోజులైనా అవే బూట్లతో మ్యాట్ మీద సాధన దొరికేలా చూడమని కోచ్‌ను అడగండి.

కెమెరా గురించి చివరగా. ఎంత ఎత్తు ఎగిరిందో కొలిచే యాప్‌లు గాల్లో ఉన్న సమయాన్ని బట్టి లెక్క కడతాయి. అర సెకను గాల్లో ఉంటే ఎత్తు సుమారు 31 సెంటీమీటర్లు. మామూలు వీడియోలో సెకనుకు 30 బొమ్మలే ఉంటాయి. ఒక్క బొమ్మ అటూ ఇటూ అయితే లెక్క నాలుగు సెంటీమీటర్లు మారిపోతుంది. స్లో మోషన్‌లో 240 బొమ్మలు తీస్తే ఆ తప్పు అర సెంటీమీటరే. అంటే "ఈ వారం మూడు సెంటీమీటర్లు పెరిగావు" అని మామూలు వీడియో చెబితే సంబరపడనక్కర్లేదు. మీ పిల్ల వీడియో వాళ్ల సర్వర్‌కు వెళ్తోందా అన్నది కూడా చూసుకోండి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మీ తమ్ముడు తన పేరుతో ఖాతా తెరిచి మీ అమ్మాయిని చిత్రీకరించాడంటే ఆ అనుమతి ఎవరిచ్చినట్టు?

వీడియో మీ ఫోనులోనే ఉంచుకుంటే మాత్రం మంచిదే. ఫోనును ఎదురుగా మోకాలి ఎత్తులో నిలబెట్టి, అడుగు ఎత్తు పీట మీది నుంచి దూకి దిగడం స్లో మోషన్‌లో తీయండి. మార్కులు వేయకండి, తనకే చూపించండి. ఎనిమిది వారాల తర్వాత అదే చోట, అదే పీట మీది నుంచి మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. ఏం మారిందో మీకన్నా ముందు తనే చెబుతుంది.

చందా కట్టవద్దు. ఉచిత గడువు ఏ రోజు ముగుస్తుందో చూసి, దానికి ముందే రద్దు చేయండి. లేకపోతే డబ్బు వాటంతట అవే కట్ అవుతాయి. ఆ డబ్బుతో ఒక డజను ప్లాస్టిక్ కోన్లు కొని కోచ్ దగ్గరకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. వట్టి చేతులతో వెళ్లి సలహా ఇచ్చేవాళ్లను ఆయన చాలామందిని చూసి ఉంటారు.